నాయన పటానికి నేను కూర్చున్న రోజు

తిరుపతిలో మా వీధి మలుపులో, ఎండాకాలం వచ్చిందంటే ఒకామె తోపుడుబండి నిండా మామిడికాయలు పెట్టుకొని అమ్ముతుంది. మొన్నొక పొద్దున ఆమె నాకోసం ఒక నీలం రకం కాయ తొడిమ గిల్లింది, అంతే, చివ్వున చిమ్మిన సొన వాసన ముక్కుకు తగిలి నేను సంచి పట్టుకొని నడివీధిలో నిలబడిపోయాను. కిరసనాయిలూ కాదు, కర్పూరమూ కాదు, ఆ రెండింటికీ నడుమ పచ్చిగా, కొంచెం మండుతున్నట్టుండే ఆ వాసనే మా నాయన వాసన. ఆయన చొక్కాకు, తలగుడ్డకు, వేళ్ళ సందులకు, ఎత్తుకుంటే నా గౌనుకు కూడా అదే పట్టేది, అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఒంట్లో బాగాలేదా అని బండి ఆమె అడిగితే బాగానే ఉందని చెప్పి, కాయలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. వచ్చి కూర్చుని, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఇక చెప్పక తప్పదనుకున్నాను. మా నాయన ముఖాన్ని పాడుచేసింది నేనే. ఎట్లా అంటే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది బంగారుపాళ్యం దాటినాక రోడ్డు దిగి మైలు దూరం నడిస్తే వచ్చే పల్లె, ఎటు చూసినా మామిడితోపులే. నాయన అంటుమొక్కలు కట్టేవాడు. తొలకరి పడి నేల మెత్తబడగానే ఆయన పని మొదలయ్యేది. టెంకె నుంచి మొలిచిన మొక్కల్ని చిన్న చిన్న కుండీల్లో పెంచి, తల్లిచెట్టు కొమ్మల కింద కర్రలతో మంచె కట్టి, ఆ కుండీల్ని మంచె మీద వరసగా పేర్చి, మొక్క కాండాన్ని ఒక పక్క, కొమ్మను ఒక పక్క పలచగా చెక్కి, చెక్కిన రెండు పక్కల్నీ కలిపి అరటినారతో బిగించి కట్టి, పైన పేడా బంకమట్టీ మెత్తేవాడు. మూడు నెలలకు రెండూ ఒకటైపోయేవి. ఆ మూడు నెలలూ మా ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే, గాలి వీచినా ఆయన లేచి తోపుకు పోయేవాడు. టెంకె నాటితే పుల్లకాయ కాస్తుందో పీచుకాయ కాస్తుందో ఎవరూ చెప్పలేరనీ, అంటు కడితే మాత్రం తల్లిచెట్టు కాయే తప్పకుండా కాస్తుందనీ నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పి చెప్పి, ఆఖరున నా గడ్డం పట్టుకొని ఒకటే మాట అనేవాడు.

"మనుసులంతా టెంకె మొలకలే మే. నువ్వొక్కదానివే నాకు అంటు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఊళ్ళో వాళ్ళకు బిడ్డ పుడితే చాలు, పోలికలు పంచే పని ఒకటి దొరికేది. ఉయ్యాల చుట్టూ చేరి ముక్కు మేనత్తకు, చెవులు తాతకు, అరికాళ్ళు ఎప్పుడో చచ్చిపోయిన ముత్తవ్వకు ఇచ్చేసి, బిడ్డకంటూ సొంతానికి ఏమీ మిగల్చకుండా లేచిపోయేవాళ్ళు. నా దగ్గర మాత్రం వాళ్ళకు పంచడానికి ఏమీ దొరకలేదట. నుదురు, కనుబొమ్మలు, కోల ముఖం, ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట, అన్నీ మూటగట్టి నాయనవే. పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు రెండూ మళ్ళీ మొలిచినప్పుడు వాటి నడుమ బియ్యపుగింజ పట్టేంత సందు వచ్చింది, అచ్చం నాయనకు ఉన్నట్టే. తండ్రి పోలికతో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అదృష్టమని అప్పట్లో అందరికీ గట్టి నమ్మకం. మా అవ్వ, అంటే నాయన వాళ్ళ అమ్మ, నన్ను గడపలో కూర్చోబెట్టుకొని దారిన పోయేవాళ్ళందరికీ, నేను అడ్డంగా తల తిప్పుకున్నా వినకుండా, నా నోరు తెరిచి ఆ సందు చూపించేది, సంతలో ఎద్దు పళ్ళు చూపించినట్టు.

ఆ సందుతో నాయనా నేనూ చెయ్యని కోతిపని లేదు. కాలవ దగ్గర నోటినిండా నీళ్ళు పట్టి పళ్ళ సందులోంచి ఎవరు దూరం చిమ్ముతారో పందెం వేసుకునేవాళ్ళం. తోపులో ఆయన ఈ చివర, నేను ఆ చివర ఉండి ఆ సందులోంచి ఈలలు వేసుకునేవాళ్ళం, సంగటి ముద్దలు చల్లారిపోతున్నాయని అమ్మ గట్టు మీద నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. ఊరిబిండి పచ్చడి నంజుకొని సంగటి తింటూ, వేరుశెనగ పలుకు ఆ సందులో ఇరుక్కుంటే, ఇద్దరం ఒకేసారి నాలికతో తోసుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వేవాళ్ళం. గంగజాతరకు నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని తీసుకుపోయేవాడు. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు తొడిగి వేషాలు వేసుకొని పోతుంటే నాకు ఒకటే నవ్వు. వేపాకు వాసన, అంబలి పులుపు, డప్పుల మోత, కింద నాయన నవ్వు నా తొడలకు అదురుతూ తెలియడం. ఆ మనిషి నవ్వకుండా నోరు మూసుకొని ఉన్న క్షణం నేను చూడలేదు.

నాయన ఫోటో ఒక్కటీ లేదు. లేకపోవడానికి కారణం మా అవ్వ. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని ఆమె నమ్మకం, ఆమెకు మిగిలింది ఒక్క కొడుకు. కొండగుళ్ళో జరిగిన నాయన పెళ్ళికి కూడా ఫోటోలు లేవు. ఒకసారి ఎవరో ఆఫీసరు అంటు కట్టే పద్ధతి చూడడానికి వచ్చి కెమెరా తీస్తే, నాయన తల పక్కకు తిప్పుకొని చేతులు మాత్రం తీసుకోమన్నాడట. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే అవ్వ చేతులకు కూడా దిష్టి తీసింది.

ఇన్ని జాగ్రత్తలు పడిన మనిషి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు కామెర్లు వచ్చి పోయాడు. పసరు పోశారు, ఉప్పు లేని చప్పిడి కూడు పెట్టారు, తగ్గుతుంది తగ్గుతుంది అంటూ పదిరోజులు చూశారు. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోదామని బస్సు ఎక్కించేసరికి కళ్ళు పసుపుముద్దలు. దారిలోనే పోయాడు. అప్పుడు మా తమ్ముడికి రెండేళ్ళు, అమ్మ చంకలో పాలకు ఏడుస్తున్నాడు. దినాలు కాకముందే, అదృష్టమన్న నోళ్ళే మాట మార్చాయి. తండ్రి పోలిక మొత్తం తినేసి పుట్టిందని, ఇంక ఆయనకు ఏం మిగులుతుందని నా వెనకాల అన్నారు. నేను విన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అది ఎట్లాంటి మాటో అన్నవాళ్ళకు తెలియదా, తెలుసు. తెలిసే అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో నన్ను నన్నుగా చూసినవాళ్ళు లేరు. అమ్మ నాకు జడ వేసేటప్పుడు వెనక నుంచే వేసేది, ఎదురుగా కూర్చోబెట్టుకునేది కాదు, అన్నం పెట్టేటప్పుడు కంచం వైపే చూసేది. అవ్వ దానికి తలకిందులు. పొద్దున్నే నన్ను వెలుతురుకు తిప్పి నిలబెట్టి, రెండు చేతులతో ముఖమంతా తడిమి, వేలితో పళ్ళ సందు వెతికేది. ఆమె కళ్ళకు పొరలు కమ్ముకొస్తున్నాయి. ఒకరు నా ముఖం చూడలేక, ఒకరు అదే పనిగా చూస్తూ, నడుమ నేను.

మా వైపు పెద్దల అమావాస్యకు పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెడతారు. వెనక ఎవరికీ పటాలు ఉండేవి కావు, ఇత్తడి చెంబుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందర బట్టలు, వడలు, పాయసం పెట్టి మొక్కేవాళ్ళు. నా చిన్నతనంలోనే ఒక్కొక్క ఇంట్లో గోడకు పటాలు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఇంకా చెంబే. నాయన పోయిన మూడో ఏడు, చెంబుకు పంచె పెడుతూ అవ్వ కూలబడి ఏడ్చింది. తన కళ్ళు పూర్తిగా పోకముందే కొడుకు ముఖం ఒకసారి పటంలో చూడాలంది. పటం యాడిది అత్తా అని అమ్మ అడిగితే, అవ్వ నా వైపు చెయ్యి చూపించింది.

నన్ను చిత్తూరుకు తీసుకుపోయి, నాయన చొక్కా తొడిగి ఫోటో తీయించి, దానికి మీసం పెట్టించి నాయన పటం చెయ్యాలన్నది ఆమె ఆలోచన. అట్లా చేసే స్టూడియో ఒకటి ఉందని ఎవరో చెప్పారట. అమ్మ మండిపడింది. అమ్మ అత్తకు ఎదురుచెప్పడం నేను మొదటిసారి చూశాను.

"బతికిండే బిడ్డకు దండ యెట్ల యేసేది అత్తా?"

"దానికి కాదు మే, నా కొడుక్కి యేసేది. ఇది పెద్దమనిసైతే ఈ మొగం మారిపోతాది. అంతలోపలే ఫోటో దించల్ల. మళ్ళ యాడ తెచ్చేది?"

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే తండ్రి పోలిక వదిలిపోతుందని కూడా ఒక నమ్మకం. నాకు పన్నెండేళ్ళు నిండాయి. నెలో, రెండు నెలలో, ఎవరికి తెలుసు? ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. అమ్మ ఒప్పుకొనేది కాదేమో, కానీ ఒకరోజు మా తమ్ముడు ఆ ఇత్తడి చెంబు ఒళ్ళో పెట్టుకొని, లోపలికి చెయ్యి పోనిచ్చి దేవుకుంటున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, నాయన్ని పట్టుకుంటున్నా అన్నాడు. వాడికి ఐదేళ్ళు. ఆ మాటతో అమ్మ చెంబు లాక్కొని గూట్లో పెట్టేసింది. మర్నాడు పెట్టె తెరిచి నాయన తెల్లచొక్కా బయటికి తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

బస్సులో చిత్తూరుకు పోతున్నంతసేపూ నాకు ఒకటే దిగులు. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందన్నది ఈ అవ్వే కదా. కొడుకును కెమెరా ముందుకు పోనివ్వని మనిషి నన్ను మాత్రం చెయ్యి పట్టుకొని లాక్కుపోతోంది, పైగా చచ్చిపోయిన మనిషిగా. పటం నాయనలా కుదిరిందంటే దానికి దండ వేస్తారు, దండ పడే ముఖం నాదే, కాబట్టి నేను చచ్చిపోతాను. కుదరకపోతే అవ్వ వద్దని పారేస్తుంది, నేను బతుకుతాను. ఇట్లా లెక్కవేసుకున్నాను. పన్నెండేళ్ళ బుర్రకు అంతకంటే తోచలేదు, నవ్వుకుంటే నవ్వుకోండి.

స్టూడియో ఆయన మంచివాడే. నా రెండు జడలూ విప్పి, నూనె రాసి వెనక్కి దువ్వి కాలరు లోపలికి తోసి, చొక్కా వదులును వెనక పిన్నులతో బిగించాడు. గోడ అద్దంలో చూసుకుంటే నాయనే ఉన్నాడు. అమ్మ ఒక్కసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. అవ్వ దగ్గరికి వచ్చి, కొడుకు పళ్ళు కనబడకుండా ఎప్పుడూ లేడని, నోరు కొంచెం తెరిపించి తియ్యమని ఆయన్ని బతిమాలింది. ఆయన దీపాలు వేసి, నల్లగుడ్డ కిందికి దూరి, నవ్వమ్మా అన్నాడు. నేను పెదాలు బిగించాను. మళ్ళీ నవ్వమన్నాడు, ఇంకా బిగించాను. అవ్వ నా కాళ్ళు పట్టుకుంది. నిజంగానే, పెద్దావిడ, నా కాళ్ళు పట్టుకొని, ఒక్కసారి నవ్వు నాయనా అంది. నన్నే నాయనా అంది. నేను పెదాలు తెరవలేదు. దవడలు నొప్పి పుట్టేదాకా బిగించాను, అట్లానే తీశాడు.

తర్వాత కాగితం పెన్సిలు తీసుకొని, మీసం ఎట్లా ఉండేదో చెప్పమన్నాడు. అమ్మ సన్నంగా గీత గీసినట్టు ఉండేదంది. అవ్వ కాదంది, అంత సన్నం కాదు, కొసలు దిగి ఉండేవంది. మూడేళ్ళకే ఇద్దరికీ పడలేదు. ముందు మీరిద్దరూ ఒక మాటకు రండమ్మా అని ఆయన విసుక్కొని, నువ్వు చెప్పు పాపా అని నా వైపు తిరిగాడు. ఇద్దరూ నా నోటి వైపు చూశారు. ఆ చూపులు నేను చచ్చేదాకా మరిచిపోను. నాకు బాగా తెలుసు, అమ్మ చెప్పిందే నిజం, సన్నటి మీసం, నవ్వితే సాగి ఇంకా సన్నబడేది.

"మందంగా ఉండె. పైపెదివి అగుపడేది కాదు," అన్నాను.

అవ్వ చూసినావా, బిడ్డ చెప్పింది అన్నట్టు తల ఊపింది. అమ్మ ముఖంలో అనుమానం కనబడింది, నా మీద కాదు, తన మీదనే. ఆ అనుమానాన్ని అప్పుడే, అక్కడే, ఒక్క మాటతో నేను తీసేసి ఉండొచ్చు. తియ్యలేదు. బతకాలని ఉండింది నాకు.

పది రోజులకు పటం వచ్చింది. బుగ్గలు తగ్గించి, దవడ వెడల్పు చేసి, బుగ్గ సొట్ట చెరిపేసి, పెదాల మీదికి దిగేలా మీసం దిద్దాడు. ఎవరో మూతి బిగించుకున్న మనిషి, దేనికో కోపంగా ఉన్నాడు. అవ్వ పారేస్తుందని చూశాను. ఆమె పటాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకొని, అద్దం మీద వేళ్ళు తిప్పి తిప్పి, నా బిడ్డే, నా బిడ్డే అని ఏడ్చింది. ఆమెకు అప్పటికి నలుపూ తెలుపూ తప్ప ఏం కనబడేదో దేవుడికే తెలియాలి. తమ్ముడు దండం పెట్టుకొని, నాయన గోడమీదికి వచ్చినాడని ఊరంతా చెప్పి వచ్చాడు. చామంతి దండ వేశారు. నేను ఆ రాత్రీ చావలేదు, తర్వాత ఏ రోజూ చావలేదు. నాలుగు నెలలకు పెద్దమనిషినయ్యాను. ఆ నమ్మకం ఒక్కటి నిజమైంది, ఏడాది తిరిగేసరికి ముఖం గుండ్రమై, దవడ మారి, సొట్ట పూడి, అచ్చం తల్లేనని ఊళ్ళో కొత్త పంపకాలు మొదలుపెట్టారు. మిగిలింది పళ్ళ సందు ఒక్కటే.

అప్పటి నుంచీ అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని జడ వేసేది. నాకు సంతోషం వెయ్యలేదు. అవ్వ మరి రెండేళ్ళకు పటం ఒళ్ళో పెట్టుకొనే పోయింది. అమ్మ మాత్రం మొదట్లో ఆ గోడ వైపు పోయేదే కాదు, దీపం కూడా నా చేత పెట్టించేది. తర్వాత తనే పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు గడిచాక, తమ్ముడి పెళ్ళాం మామగారు ఎట్లా ఉండేవారని అడిగితే, నేను పక్కనే కూర్చుని కూరాకు తుంచుతున్నాను, అమ్మ తడుముకోకుండా చెప్పింది, ఆయనకు మీసం మందంగా ఉండె, పైపెదివి అగుపడేది కాదు అని. నా మాటే. అక్షరం పొల్లుపోకుండా నా అబద్ధమే. అమ్మా, నువ్వు చెప్పిందే నిజం, సన్నటి మీసం అని అరవాలనిపించింది. అరిచి ఏం చేసేది? సన్నటి మీసం అన్న మాట నాకు గుర్తుంది గానీ, కళ్ళు మూసుకుంటే నాకూ ఆ మందపాటి మీసమే కనబడుతోంది. ఎంత వెతికినా అదే. తోపు కనబడుతుంది, మంచె, అరటినార, మట్టి మెత్తే వేళ్ళు కనబడతాయి, తల ఎత్తి చూద్దును గదా, పటం.

అమ్మ పోయింది. కుండీలు మొయ్యడం, మంచెలు కట్టడం, అరటినారతో బిగించడం ఇప్పుడెవరూ చెయ్యరు, నిమిషంలో ప్లాస్టిక్ పట్టీ చుట్టేస్తారు. నాయన కట్టిన చెట్లున్న తోపు నరికి ప్లాట్లు వేశారు. మా ఊళ్ళో నాయన్ని చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్ళకూ గుర్తులేదు. పోయిన ఏడు నా ముందు పళ్ళు రెండూ కదిలి, చిగుళ్ళు వాచి, తిరుపతిలోనే ఒక పళ్ళ డాక్టరు దగ్గర పీకించుకున్నాను. ఆయన కొత్తవి చక్కగా, వరసగా, సందు లేకుండా కట్టాడు. ఇంటికి వచ్చి అద్దం చూసుకునేదాకా ఏం చేసుకున్నానో నాకు తెలియలేదు.

మొన్న, ఆ మామిడి వాసన తగిలిన సాయంత్రమే తమ్ముడు వచ్చాడు. యాభై దాటాడు, తల నెరిసింది. పటం మసకబారిందని, కంప్యూటర్లో బాగుచేసి పెద్దది చేయించుకొచ్చి నాకొకటి ఇచ్చాడు. ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూసి, ఎన్నడూ అడగనిది అడిగాడు.

"నాయన నవ్వితే యెట్లుండేవాడక్కా? దీంట్లో నోరు మూసుకోని ఉండాడు గదా."

ముందు పళ్ళ నడుమ సందు ఉండేదని, అందులోంచి ఈల వేసేవాడని, వాడు చిన్నప్పటి నుంచీ నాలో చూసిన సందు ఆయనదేనని చెప్పాను. నేను కొత్త పళ్ళు కట్టించుకున్న సంగతి తెలియక, వాడు చిన్నపిల్లాడిలా ముందుకు వంగి, ఏదీ, నవ్వు అక్కా, చూస్తాను అన్నాడు.

ఈసారి నవ్వాను. వాడి చూపు ఆ సందు కోసం నా కొత్త పళ్ళ వరస వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. నాయన నవ్వు ఈ భూమ్మీద చివరగా మిగిలింది నా నోట్లోనే. అడిగినప్పుడు ఇవ్వలేదు, ఇద్దామనుకున్నప్పుడు లేదు.